గీతలు గీకిన మిఠాయి డబ్బా

ఆ ఉదయం ఆకాశం మంచు కురిపించాలో వద్దో తేల్చుకోలేక కొండల మీదే కూర్చుండిపోయింది. కాసిని రేకులు రాల్చింది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. మళ్ళీ రాల్చింది.

కిదిరాలి దాన్ని ఒకసారి చూసి, తన పని తను చూసుకున్నాడు. కొట్టం ముందు గుర్రం వెనక కాలు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని డెక్క చెక్కుతున్నాడు. చేతిలో కత్తి పాతది. ఎప్పుడో ఎద్దు ఎముక మీద పడి, అంచు నడిమధ్య బియ్యపు గింజంత తునక ఎగిరిపోయింది. దాంతో ఏది గీకినా మధ్యలో గీకని సన్నటి దారం ఒకటి మిగిలిపోతుంది. కొత్తది కొనుక్కోమని భార్య కలీపా పోరుతూనే ఉంటుంది. "ఇది తెలిసిన కత్తి" అంటాడు ఆయన. ఆ మాటతో ఆ సంభాషణ అయిపోతుంది.

ఆక్-తెరెక్ ఊరికి ఆయనే పోలీసు. కెప్టెన్. ఇరవై ఏళ్ళలో ఎక్కువగా తప్పిపోయిన ఆవుల్నీ, తప్పతాగిన మగాళ్ళనీ ఇళ్ళకి చేర్చాడు.

జీపు గేటు ముందు ఆగింది. లెఫ్టినెంట్ ఎల్దియార్ దిగాడు. పట్నం నుంచి పొగాకు సరుకు తనిఖీ చేయడానికని మూడు రోజులుగా ఊళ్ళో ఉన్నాడు. బూట్లు మెరుస్తున్నాయి. చేతిలో ఫోన్ అంతకంటే మెరుస్తోంది.

"సలాం కెప్టెన్ గారూ! నన్ను మెచ్చుకోండి. కేసు తేలిపోయింది."

"ఏ కేసు?"

"సోనున్ దుకాణంలో బంగారు జూకాలు పోయిన కేసు. రాత్రి ఫిర్యాదు. పొద్దున్నే దొంగ. మీరు ఇక్కడో సంతకం గీకితే పట్నం తీసుకెళ్ళిపోతా."

"నాకెవరూ చెప్పలేదే."

"మీరు పడుకున్నారని లేపలేదండీ. పెద్దవారు కదా."

కిదిరాలి గుర్రం కాలు మెల్లగా దింపాడు. జీపు వెనక సీటు వైపు చూశాడు. అక్కడ మీరిమ్ కూర్చుని ఉంది. సోనున్ దుకాణంలో పనిచేసే పిల్ల, ఊళ్ళో వేరే ఇంటి కోడలు. మొగుడు రష్యాలో ఇటుకలు పేరుస్తున్నాడు. ఇంట్లో అత్త, చంటిపిల్ల. తల మీద రుమాలు కళ్ళదాకా లాక్కుని, ఏడవకుండా ఉండడానికి పళ్ళు బిగించుకుని కూర్చుంది. పక్కింటి ఆడవాళ్ళు అప్పుడే కంచెల మీదకి వచ్చేశారు. జీపు ఊరు దాటిందంటే ఇక ఆ పిల్ల ఈ ఊళ్ళో తలెత్తలేదు. నిర్దోషి అని తేలి సాయంత్రానికి తిరిగొచ్చినా సరే, పోలీసు జీపెక్కిన కోడల్ని అత్త గడప తొక్కనివ్వదు.

"టీ తాగి పెడతా సంతకం" అన్నాడు కిదిరాలి. "ఆ పిల్లని కూడా లోపలికి రమ్మను. చలిగా ఉంది."

"దొంగకి టీయా?"

"మా ఇంటికొచ్చిన మనిషికి టీ. దొంగో కాదో తాగాక చూద్దాం."

కలీపా బల్ల మీద రొట్టె, వెన్న, పాలు పోసిన టీ పెట్టింది. ఎల్దియార్ రొట్టెని పట్టించుకోకుండా సంచిలోంచి ఎర్రటి మిఠాయి డబ్బా ఒకటి తీసి బల్ల నడుమ పెట్టాడు. మూత మీద హంస బొమ్మ.

"సోనున్ అక్క జూకాలు దాచింది సరిగ్గా ఇలాంటి హంస డబ్బాలో. దుకాణంలో పై అరలో పెట్టింది. నిన్న రాత్రి చూస్తే డబ్బా లేదు. ఈ డబ్బా ఈవిడ ఇంట్లో, పరుపుల దొంతర కింద దొరికింది. ఊపి చూస్తే జూకాల చప్పుడు లేదు, అప్పుడే ఎక్కడో మార్చేసింది. ఇప్పుడు చూడండి సాక్ష్యం."

ఫోన్‌ని డబ్బా అడుగున ఉన్న నల్లగీతల బార్‌కోడ్ మీద పెట్టాడు. ఫోన్ కిచుక్కుమంది. లోపలి ఆడగొంతు గట్టిగా, ముద్దుముద్దుగా పలికింది: "హంస మిఠాయి. అరకిలో. నాలుగు వందల ఇరవై సోములు. సోనున్ దుకాణం."

"విన్నారా? సోనున్ దుకాణం! గీతలు అబద్ధం చెప్పవు కెప్టెన్ గారూ. మనిషికి వేలిముద్ర ఎలాగో సరుక్కి ఇవి అలాగ."

కిదిరాలి టీ గుక్క మింగి, భార్య వైపు తిరిగాడు.

"అల్మారా మీదున్న హంస డబ్బా దించు."

"ఎవరికిస్తున్నాం?" అంది కలీపా.

"ఎవరికీ కాదు."

"మరెందుకు దించడం? ఇవాళ సోనున్ కొడుకు నిశ్చయానికి తీసుకెళ్ళాలని కొన్నాను. ఇంకా గీకను కూడా లేదు."

గీకడమంటే, అదో పద్ధతి ఆ ఊళ్ళో. సోనున్ మేనల్లుడు ఆమె ఫోన్లో గీతలు చదివే యాప్ పెట్టిన ఏడాది, ఊళ్ళో అందరూ దాన్ని తమ ఫోన్లలోనూ పెట్టించుకున్నారు. ఇంట్లో కూర్చునే ధర తెలుసుకోవచ్చు కదా అని. తెలుసుకున్నారు కూడా. ముందుగా, తమకి కానుకగా వచ్చిన వాటి ధరలు. ఒక తొట్టెల పండగలో ఒక పెద్దాయన, వియ్యంకుడు తెచ్చిన చొక్కాని బల్ల కింద రహస్యంగా ఫోన్‌కి చూపించాడు. గొంతు తగ్గించడం మర్చిపోయాడు. అందరూ చేతులు చాచి దీవెన వింటున్న వేళ ఆ ఆడగొంతు చొక్కా ధరా, అది సగం ధరకి అమ్మిన సంగతీ రెండూ చెప్పేసింది. ఆ వియ్యంకులు ఈనాటికీ మాట్లాడుకోరు. అప్పటినుంచి ఎవరు ఏ కానుక తీసుకెళ్ళినా గీతలు గీకేసి తీసుకెళ్తారు. కొందరు గోటితో, కొందరు కత్తితో, ఒకావిడ బంగాళదుంపలు చెక్కే దానితో.

కలీపా డబ్బా తెచ్చింది. కిదిరాలి తన ఫోన్ దాని కింద పెట్టాడు.

"హంస మిఠాయి. అరకిలో. నాలుగు వందల ఇరవై సోములు. సోనున్ దుకాణం."

"మా కలీపాని కూడా జీపెక్కించు లెఫ్టినెంట్" అన్నాడు కిదిరాలి. "వెనక సీట్లో చోటుందిగా."

"నేనేం చేశాను?" అని ఉలిక్కిపడింది కలీపా.

"వేలిముద్ర మనిషికొకటి ఉంటుంది. ఈ గీతలు సరుకుకొకటి. హంస డబ్బాలన్నిటికీ ఒకటే. మందలో గొర్రెలన్నిటికీ 'గొర్రె' అని పేరు పెట్టి, తప్పిపోయింది ఇదే అన్నట్టుంది నీ సాక్ష్యం."

ఎల్దియార్ చెవులు ఎర్రబడ్డాయి. "సరే. మరి పరుపుల కింద ఎందుకు దాచింది? కొనుక్కున్న మిఠాయిని ఎవరైనా దాచుకుంటారా?"

కిదిరాలి మీరిమ్ వైపు చూశాడు. ఆ పిల్ల టీ గిన్నెలోకి చూస్తూ చెప్పింది.

"కొనుక్కున్నాను బాబాయ్. జీతంలో పట్టించుకోమన్నాను. అల్మారా మీద పెడితే మా అత్త ఎవరి పండగకో పట్టుకెళ్ళిపోతుంది. పెళ్ళయి వచ్చాక ఆ ఇంట్లోకి ఎన్ని డబ్బాలొచ్చాయో, అన్నీ వెళ్ళిపోయాయి. ఒక్కటీ విప్పలేదు. ఒక్కసారి విప్పి తినాలనిపించింది." ఇంకా చిన్నగా అంది: "లోపల ఎలా ఉంటాయో నాకు తెలీదు. దుకాణంలో పనిచేస్తాను, అయినా తెలీదు."

కలీపా గిన్నె కింద పెట్టేసింది. ఎల్దియార్ ఫోన్ వైపు చూసుకున్నాడు, అదేదో సాయం చేస్తుందన్నట్టు.

"సంతకం తర్వాత" అన్నాడు కిదిరాలి లేస్తూ. "ముందు దుకాణం."

"మధ్యాహ్నం పెళ్ళికూతురి చెవులకి ఆ జూకాలు పెట్టాలి కెప్టెన్ గారూ! చెవికి బంగారం పడకపోతే సంబంధం తప్పిపోతుందని సోనున్ అక్క రాత్రంతా ఏడుస్తోంది. మీరు నింపాదిగా టీలు తాగుతున్నారు!"

"తాగడం అయిపోయింది" అన్నాడు కిదిరాలి.

* * *

సోనున్ గుమ్మంలోనే ఎదురొచ్చింది. లావుపాటి మనిషి. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. వెనకాల పొయ్యి పక్కన ఆమె మొగుడు తాబల్డి కూర్చున్నాడు. నిలబడితే తల దూలానికి తగిలేంత పొడుగు, మాట మాత్రం కుర్చీ ఎత్తుకి కూడా లేవదు.

మీరిమ్‌ని చూడగానే సోనున్ గొంతు లేచింది. "దీన్నెందుకు తెచ్చారు నా దుకాణంలోకి? కూతురిలా చూసుకున్నానే! నా కొడుకు పెళ్ళి ఆపుతావా?"

"అక్కా, కూర్చో" అన్నాడు కిదిరాలి. "అడిగినదానికి చెప్పు. జూకాలు ఆఖరుసారి ఎప్పుడు చూశావు?"

"సోమవారం సాయంత్రం. డబ్బాలో దూది పరిచి, పెట్టి, మూత బిగించాను. మంగళవారం బట్టలకని సంతకి వెళ్ళాను. నిన్న బుధవారం పనుల్లో చూసుకోలేదు. రాత్రి దించుదామని కింద నుంచి చూస్తే, పెట్టిన చోట డబ్బా లేదు."

"డబ్బాలో మిఠాయి ఏం చేశావు?"

"ఏముంది తమ్ముడూ, తెల్లగా బూజుపట్టి ఉంది. కోళ్ళకేశాను. కోళ్ళు కూడా తినలేదు."

"ఇంటి పెట్టె ఉండగా మిఠాయి డబ్బాలో ఎందుకు పెట్టావు?"

సోనున్‌కి అంత ఏడుపులోనూ కాస్త గర్వం తోసుకొచ్చింది. "పెట్టెనైతే దొంగ విప్పుతాడు. మిఠాయి డబ్బాని ఎవరు విప్పుతారు? నేను పుట్టాక ఎవరైనా విప్పగా చూడలేదు."

"మీరిమ్ పొరపాటున ఎవరికైనా అమ్మేస్తుందని భయం లేదా? అరలో ఇంకా హంస డబ్బాలున్నాయిగా."

"అంత తెలివితక్కువదాన్నా? ఫోన్‌కి చూపించందే ఇక్కడ అగ్గిపెట్టె కూడా బయటికి పోదు. అందుకే చూసి చూసి గీకిన డబ్బా తీశాను. ఎప్పుడో ఏ పండగలోనో నాకొచ్చింది. గీతలు గీకేసి ఉన్నాయి. ఫోన్ ఎంత చూపించినా పలకదు. పలకని డబ్బాని ఇది అమ్మడానికి లేదు." వేలు మీరిమ్ వైపు తిప్పింది. "అమ్మడానికి లేదు గనక, దొంగిలించింది!"

కిదిరాలి తాపీగా ఎల్దియార్ సంచిలోంచి ఎర్ర డబ్బా తీసి, బల్ల మీద బోర్లించి, సోనున్ ఫోన్‌నే దాని మీద పెట్టాడు.

"హంస మిఠాయి. అరకిలో. నాలుగు వందల…"

"పలికింది" అన్నాడు.

సోనున్ డబ్బాని దగ్గరికి లాక్కుని అడుగున తడిమింది.

"నీ డబ్బా పలకదు. ఇది పలికింది. అంటే ఇది నీ డబ్బా కాదు. లెఫ్టినెంట్, పొద్దుట్నుంచి నువ్వు అందరికీ గట్టిగా వినిపిస్తున్నది ఈ పిల్ల నిర్దోషి అన్న సాక్ష్యమే."

మీరిమ్ మొదటిసారి తలెత్తింది.

"అది… మార్చి ఉండొచ్చు" అన్నాడు ఎల్దియార్. "అసలు డబ్బా ఇంకెక్కడో పెట్టి, కొత్తది పరుపుల కింద పెట్టి…"

"దొంగతనం చేసిన డబ్బా దాచుకోడానికి బదులు, దొంగతనం చేయని డబ్బా దాచుకుందా?"

"నేరస్థుల మనస్తత్వం మీకు తెలీదు కెప్టెన్ గారూ. మేం చదువుకున్నాం."

"చదివావు. ఇప్పుడు చూద్దాం రా."

కిదిరాలి పై అర ముందు నిలబడ్డాడు. అర ఆయన తలకంటే ఎత్తు. అక్కడికి చేరడానికి దుకాణంలో ఒకటే ముక్కాలిపీట ఉంది. అది మూలన, ఉప్పు బస్తాల వెనక ఉంది. దాని మీద పిండి దుమ్ము పేరుకుని ఉంది. ఆయన వేలితో ఒక గీత గీశాడు. ఆ గీత తప్ప దాని మీద ఇంకే గుర్తూ లేదు.

"ఈ పీటని ఎప్పుడు వాడతారు?"

"నేనూ మీరిమూ పై అరకి వెళ్ళాలంటే అదే" అంది సోనున్. "సోమవారం అదెక్కే పెట్టాను. పిండి బస్తా మంగళవారం పొద్దున, సంతకెళ్ళే ముందు, దాని పైన విప్పాం. అప్పటినుంచి దాన్ని ముట్టుకోలేదు."

"మీరిమ్, చెయ్యి చాచు."

మీరిమ్ మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాచింది. అరకి జానెడు కిందే ఆగిపోయింది. సోనున్ కూడా, ఎవరూ అడక్కుండానే, చాచి చూసింది. ఆవిడది ఇంకా కింద ఆగింది. ఎల్దియార్ చాచాడు. వేళ్ళు అర అంచుకి తగిలాయి, అంతే.

"తాబల్డి బావా" అన్నాడు కిదిరాలి, వెనక్కి తిరక్కుండానే. "ఆ పైన కొవ్వొత్తులున్నాయి. ఒకటి అందుకో."

తాబల్డి పొయ్యి దగ్గర్నుంచి లేచాడు. అలవాటైన చేతిని మడమలు కూడా ఎత్తకుండా అర లోపలికి పోనిచ్చాడు. కొవ్వొత్తి తీశాడు. ఇచ్చాడు. అప్పుడుగానీ తనేం చేశాడో ఆయనకి అర్థం కాలేదు. అర అంచు దుమ్ములో పాత వేలిగుర్తులు నాలుగు ఉన్నాయి, ఇప్పుడు పడ్డ కొత్త నాలుగూ వాటి పక్కనే, అదే వెడల్పులో నిద్రపోతున్నట్టు పడి ఉన్నాయి.

సోనున్ మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"ఏవయ్యా?"

తాబల్డి కొవ్వొత్తి తీసిన చేతిని జేబులో పెట్టుకున్నాడు.

"ఏవయ్యా, నిన్నే!"

"నువ్వు సంతకెళ్ళావు" అన్నాడు తాబల్డి నేల వైపు చూస్తూ. "మంగళవారం. మీరిమ్ పిల్లకి జ్వరమని రాలేదు. నేనొక్కణ్ణే ఉన్నాను. పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. ఊరికే ఎలా పంపను? చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా. కొత్త డబ్బా తీసి దుకాణం ఫోన్‌కి చూపిస్తే సంతలో ఉన్న నీ ఫోన్‌కి కబురొస్తుంది, ఎవరికమ్మావు, పైసలేవని అడుగుతావు. ఫోన్‌కి చూపించకుండా తీస్తే రాత్రికి లెక్క తప్పుతుంది, అప్పుడూ అడుగుతావు. అందుకని లెక్కలో లేని గీకిన డబ్బా చూసి తీశాను. గీకి కూడా ఉంది, శ్రమ తగ్గిందనుకున్నా."

"రాత్రంతా నేను ఏడుస్తుంటే పక్కన పడుకుని…"

"చెబుదామనే అనుకున్నా. నువ్వు ఏడుపాపలేదు."

"ఎవరా పెద్దమనిషి?" అన్నాడు ఎల్దియార్ చురుగ్గా. ఫోన్ తీసి రాసుకోడానికి సిద్ధమయ్యాడు. "పేరు చెప్పు. జీపులో పది నిమిషాల్లో పట్టుకుంటా."

తాబల్డి నోటితో చెప్పలేదు. అంత పొడుగు మనిషి నెమ్మదిగా తల తిప్పి, ఎల్దియార్‌ని చూశాడు. సోనున్ చూసింది. మీరిమ్ చూసింది. కిదిరాలి మాత్రం కొవ్వొత్తి వైపు చూస్తున్నాడు, ఆ కుర్రాడికి కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇద్దామని.

"ఆ డబ్బా…" అన్నాడు ఎల్దియార్. "మంగళవారం పొగాకు పెట్టెలు చూసి వెళ్తుంటే… నేను వద్దన్నాను. అన్నానా లేదా తాబల్డి బావా?"

"రెండుసార్లు అన్నావు నాయనా" అన్నాడు తాబల్డి. "మూడోసారి తీసుకున్నావు."

"జూకాల్ని నువ్వే జీపులో వేసుకుని తిరిగావన్నమాట" అన్నాడు కిదిరాలి. ఎగతాళి చేయలేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. అందుకే అది ఇంకా బాగా తగిలింది. "విప్పావా?"

"మిఠాయి డబ్బాని ఎవరు విప్పుతారండీ!"

"ఇప్పుడెక్కడుంది?"

ఎల్దియార్ బూట్ల వైపు చూసుకున్నాడు. "బురుల్ పిన్ని ఇంట్లో దిగాను కదా. ఉత్త చేతుల్తో ఎలా వెళ్తాను? ఆవిడకిచ్చాను."

సోనున్ గుండె మీద చెయ్యేసుకుని ముక్కాలిపీట మీద, ఆ పిండి దుమ్ములోనే కూలబడింది. "బురులా? నా వియ్యపురాలు బురులా? ఇవాళ మేం జూకాలు తీసుకెళ్ళాల్సిన ఇంటికే?"

"ముందే చేరాయి" అన్నాడు తాబల్డి, ఎవరికో ఊరట కలిగిద్దామన్నట్టు.

"నువ్వు నోరుముయ్!"

ఎల్దియార్ జీపు వైపు పరిగెత్తబోయాడు. కిదిరాలి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి?"

"డబ్బా తెస్తా! సోదా చేస్తా!"

"నిశ్చయం నాడు పిల్ల తల్లి ఇంట్లో సోదా చేస్తావా? మా జూకాలు మీ ఇంట్లో ఉన్నాయి, తియ్యండి అంటావా? సంబంధం ఉంటుందా? ఆ డబ్బా నువ్విచ్చావని, నీకు తాబల్డి ఇచ్చాడని, తనిఖీకొచ్చి తీసుకున్నావని అక్కడ అందరి ముందూ చెబుతావా?"

ఎల్దియార్ జీపు తాళం మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"బురుల్ దాన్ని ఈలోపు ఇంకెవరికైనా ఇచ్చేసి ఉంటే?" అంది సోనున్. ముఖంలో రంగు లేదు. "రెండు రోజులు! రెండు రోజుల్లో ఒక డబ్బా జిల్లా దాటిపోతుంది తమ్ముడూ!"

ఆ భయం కిదిరాలికీ ఉంది. కానీ పైకి కనిపించనివ్వలేదు. "పండగ బట్టలు కట్టుకో అక్కా. అందరం వెళ్దాం. మీరిమ్ కూడా."

"అదెందుకు?"

"జీపులో కూర్చోగా ఊరంతా చూసింది. దిగగా కూడా చూడాలి."

* * *

జీపులో ముందు సీట్లో కిదిరాలి కూర్చున్నాడు. వెనక సోనున్, తాబల్డి, మధ్యలో మీరిమ్. దారిలో ఎల్దియార్ తన సంచిలోంచి ఎర్ర డబ్బా తీసి వెనక్కి అందించాడు.

"నీ డబ్బా" అన్నాడు మీరిమ్‌తో, అద్దంలోకి చూడకుండా.

మీరిమ్ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. కాసేపు హంస మీద వేలితో రాసింది. తర్వాత అంచు గోటితో చీల్చి మూత తీసింది. బంగారు కాగితం చప్పుడుకి సోనున్ కూడా అటు తిరిగింది. వరసగా గోధుమరంగు మిఠాయిలు, ఒక్కోటి దాని గుంటలో అది. మీరిమ్ ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత డబ్బా అందరి ముందుకూ తిప్పింది. తాబల్డి రెండు తీసుకున్నాడు.

"సాక్ష్యం తింటున్నాం" అన్నాడు ఎల్దియార్, బుగ్గలో పెట్టుకుని.

"బానే ఉంది సాక్ష్యం" అన్నాడు కిదిరాలి.

బురుల్ ఇంట్లో చుట్టాలు అప్పటికే గోడల చుట్టూ పరుపుల మీద కూర్చున్నారు. కలీపా కూడా వచ్చి ఉంది. నేల మీద పరిచిన బట్ట మీద రొట్టెలు, వేయించిన పిండి ముక్కలు, జామ్ గిన్నెలు కుప్పలుగా ఉన్నాయి. పెళ్ళికూతురు అయ్‌పెరి తెల్ల రుమాలు కట్టుకుని మూలన తల దించుకుని ఉంది. ఖాళీ చెవులు ఎర్రగా ఉన్నాయి. అందరూ సోనున్ చేతుల వైపు చూశారు. సోనున్ చేతుల్లో ముడిచిన జేబురుమాలు తప్ప ఏమీ లేదు. అందులో కూడా ఏమీ లేదు.

కిదిరాలి గది చుట్టూ ఒకసారి చూశాడు. అల్మారా మీద డబ్బాలు ఐదారున్నాయి. నీలం, పచ్చ, బంగారు రంగు. ఎర్రది లేదు.

సోనున్ కూడా లెక్కపెట్టింది. ఆమె గొంతులోంచి పిల్లి కూతలాంటిది వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చింది.

అప్పుడు లోపలి గదిలోంచి బురుల్ పళ్ళెం పట్టుకుని వచ్చింది. పళ్ళెంలో మడతపెట్టిన పట్టుశాలువా. దాని మీద, కిరీటంలా, హంస డబ్బా.

"వియ్యపురాలా" అంది బురుల్ ఘనంగా, "మా ఇంటి తరఫున. మీ కోసమనే ప్రత్యేకంగా తెప్పించాను."

తలుపు దగ్గర ఎల్దియార్ దగ్గు ఆపుకోలేకపోయాడు. సోనున్ రెండు చేతులూ చాచింది. పళ్ళెం గుంజుకున్నంత పని చేసింది. పక్కనున్నవాళ్ళు ఆనందం అనుకున్నారు. పద్ధతి ప్రకారం అయితే "అయ్యో ఎందుకమ్మా" అని, పళ్ళెం పక్కకి జరిపేయాలి. డబ్బా విప్పకుండా ఇంటికి వెళ్ళిపోవాలి. ఇంటికెళ్ళి జూకాలు తీసుకొస్తామంటే, ఖాళీ చేతులతో ఎందుకొచ్చారని అడుగుతారు.

"మీరిమ్" అన్నాడు కిదిరాలి. "నీకు విప్పడం వచ్చుగా. విప్పు."

గదిలో గుసగుసలు ఆగిపోయాయి. "ఇక్కడా?" అంది బురుల్. "ఇప్పుడా? అందరి ముందూనా?"

"మంచి రోజు. తీపితో మొదలుపెడదాం."

మీరిమ్ ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. అందరూ మెడలు చాచారు. ఆ గదిలో కూర్చున్నవాళ్ళు తమ జీవితంలో అలాంటి డబ్బాల్ని వందల ఇళ్ళకి మోశారు, ఒక్కదాని లోపలా చూడలేదు. మూత లేచింది. దూది. దూది మీద రెండు బంగారు జూకాలు.

బురుల్ ముఖం ముందు తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది. ఆమె కళ్ళు ఎల్దియార్ వైపు వెళ్ళాయి. ఎల్దియార్ కళ్ళు తాబల్డి వైపు వెళ్ళాయి. తాబల్డి పైకప్పు చూశాడు. ఎవరో ఒకరు నోరు తెరిచి ఒక ప్రశ్న అడిగితే చాలు, గదిలో సగంమంది సిగ్గుతో చావాలి.

పెళ్ళికూతురి నాయనమ్మ అందరికంటే పైచోటున కూర్చుని ఉంది. చెవులు సరిగా వినపడవు, చూపు మాత్రం గద్ద చూపు.

"ఆహా!" అంది పెద్దావిడ. "ముందే పంపేశారన్నమాట! తీపి డబ్బాలో పెట్టి! మా కాలంలో కూడా ఇంత ముచ్చట చేసినవాళ్ళు లేరు. ఎంత గుట్టుగా చేశారమ్మా ఇద్దరు వియ్యపురాళ్ళూ!"

"అవునవును" అంది సోనున్.

"అవునవును" అంది బురుల్ కూడా, ఊపిరి వదిలి.

జూకాలు అయ్‌పెరి చెవులకి ఎక్కాయి. పెద్దావిడ అరచేతులు చాచి దీవించింది. దీవెన ముగింపుగా అందరూ చేతులతో ముఖాలు తుడుచుకున్నారు. మాట ఖాయమైంది.

పొగలు కక్కుతూ మాంసం పళ్ళేలు వచ్చాయి. వయసునీ వరసనీ బట్టి ఎవరి ఎముక వారికి పెట్టారు. సోనున్‌కి వియ్యపురాలి ఎముక వచ్చింది. గదిలో ఆడవాళ్ళకి దక్కిన వాటిలో అదే పెద్దది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసింది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా చెయ్యి చాచి, తలుపు పక్కన చివర్లో కూర్చున్న మీరిమ్ పళ్ళెంలో పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎవరికి వారు అడగలేని ప్రశ్న ఒకటి నోట్లో పెట్టుకుని కూర్చున్నారు, మాంసంతో పాటు దాన్నీ నములుతున్నారు.

మగవాళ్ళు కత్తులు తీసి మాంసం సన్నగా తరగడం మొదలుపెట్టారు. కిదిరాలి కూడా తన కత్తి తీశాడు. ఖాళీ డబ్బా ఆయన మోకాలి పక్కనే బోర్లాపడి ఉంది. అలవాటు కొద్దీ దాని అడుగు వైపు చూశాడు.

గీతలు కత్తితో గీకి ఉన్నాయి. శుభ్రంగా, ఓపిగ్గా గీకారు. కానీ ఆ గీకుడుకి నడిమధ్య, ఈ చివర నుంచి ఆ చివరికి, గీకని సన్నటి దారం ఒకటి మిగిలి ఉంది.

కిదిరాలి చెయ్యి ఆగింది. మూడేళ్ళ కిందట, ఫోన్లు కొత్తగా గీతలు చదవడం మొదలుపెట్టిన రోజుల్లో, కలీపా ఒక ఎర్ర డబ్బా తెచ్చి "కాస్త గీకి పెట్టు" అంది. కొట్టం దగ్గర కూర్చుని గీకాడు. ఎవరి పండగకి ఇచ్చారో గుర్తులేదు. డబ్బాకి గుర్తుందేమో, అది మాత్రం పలకదు.

తలెత్తాడు. ఎదురుగా ఎల్దియార్. ఫోన్ జేబులోంచి బయటికి తీయలేదు. డబ్బా అడుగు వైపు చూస్తున్నాడు. తర్వాత కిదిరాలి చేతిలో కత్తి అంచు వైపు, దాని నడుమ ఎగిరిపోయిన తునక వైపు చూశాడు. మళ్ళీ డబ్బా వైపు. జీవితంలో మొదటిసారి ఆ కుర్రాడు ఒక గుర్తుని కళ్ళతో చదువుతున్నాడు.

చదివేశాడు. చెవులదాకా నవ్వు వచ్చింది. నోరు మాత్రం తెరవలేదు.

కిదిరాలి తల దించుకుని, తన ఎముక మీదున్న మెత్తటి మాంసమంతా ఓపిగ్గా సన్నగా తరిగాడు. దాన్ని కత్తి అంచుతో దగ్గరికి చేర్చి, లెఫ్టినెంట్ పళ్ళెంలోకి నెట్టాడు.

ఎల్దియార్ తీసుకున్నాడు. ఇద్దరూ తిన్నారు. బయట ఆకాశం ఎట్టకేలకి తేల్చుకుని, మంచు కురిపించడం మొదలుపెట్టింది.